కాళహస్తి కలం ఆగకుండా చూసిన కమలాదేవి

కాణిపాకం: వరసిద్ధి వినాయకుని దర్శనం చేసుకుని, తిరుపతి మీదుగా శ్రీకాళహస్తి వెళ్ళే యాత్రికులు అక్కడ కలంకారీ బట్ట ఒకటి కొనుక్కోవడం మామూలే. వినాయకుడో, కల్పవృక్షమో, రాముల వారి పట్టాభిషేకమో తెచ్చి నట్టింటి గోడకు తగిలిస్తారు. సున్నం కొట్టిన తెల్లగోడ మీద ఆ ఎరుపు, నలుపు, పసుపు పడితే పాత మిద్దెకైనా కళ వస్తుంది. అయితే ఆ బట్ట రాసే విద్య ఒకప్పుడు దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. దాన్ని నిలబెట్టిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు కమలాదేవి చటోపాధ్యాయ.

ఆమెది మన ప్రాంతం కాదు. 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో పుట్టారు. ఏడేళ్ళ వయసులో తండ్రి పోయారు. ఆయన వీలునామా రాయకపోవడంతో ఆస్తి సవతి కొడుకు పాలైంది. చిన్నప్పుడే పెళ్ళి, వెంటనే వైధవ్యం. అయినా మద్రాసులో చదువుకుని, సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్‌ను వివాహమాడారు. ఆ కాపురం కడదాకా సాగలేదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ఆడవారికీ చోటివ్వాలని గాంధీజీతో వాదించి ఒప్పించారు. జైలుకూ వెళ్ళారు.

దేశ విభజన తర్వాత కాందిశీకుల కోసం ఫరీదాబాదులో కొత్త ఊరు వెలిసేందుకు పాటుపడ్డారు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడితే దాని అధ్యక్షురాలయ్యారు. ఆ పనిలో ఊరూరా తిరిగారు.

అప్పటికి కాళహస్తిలో కలం పట్టేవారు కొద్దిమందే. పూర్వం రామాయణం, భారతం గళ్ళు గళ్ళుగా గీసి, కింద తెలుగులో కథ రాసి, ఆ పెద్ద బట్టలను గుళ్ళలో వేలాడదీసేవారు. రాయించే జమీందారులు పోయారు. మిల్లు గుడ్డ వచ్చింది. పాత బట్టల్లో కొన్ని సముద్రం దాటాయి. 19వ శతాబ్దపు కాళహస్తి రామాయణం ఒకటి లండన్ మ్యూజియంలో ఉంది. అక్కడ దానికి అద్దాల రక్షణ, ఇక్కడ గీసేవాడికి కూడు లేదు!

కమలాదేవి చొరవతో 1950ల చివర శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం వెలసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య కుర్రాళ్ళకు పని నేర్పారు. అది ఒక్క రోజులో వచ్చే పని కాదు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. తుప్పు ఇనుము, బెల్లం రోజుల తరబడి ఊరవేస్తే నల్లరసం దిగుతుంది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, రసంలో ముంచి, చేత్తోనే గీత లాగాలి. పటిక పూసిన చోటే ఎరుపు పడుతుంది. మధ్య మధ్య పారే నీటిలో ఉతకాలి, అందుకు స్వర్ణముఖి ఉండనే ఉంది.

పాత కళను బీరువాలో దాచితే బతకదని ఆమె అభిప్రాయం. చాప, కుండ, ఇత్తడి చెంబు, రాసిన బట్ట రోజూ ఇంట్లో వాడుకలో ఉంటేనే చేసేవాడి పొయ్యి వెలుగుతుందని నమ్మారు. పట్నంలో డబ్బున్న వారు విదేశీ సామాను మోజులో ఉన్న రోజులవి. పల్లె పనితనాన్ని వారి ముంగిట్లోకి తేవడానికి ఢిల్లీ వంటి చోట్ల అమ్మకపు శాలలకు అండగా నిలిచారు. దేవుడి గుడి గోడ మీది బట్ట మనిషి ఇంటి గోడకు చేరింది ఆ దారిలోనే.

ఇప్పుడు అచ్చుగుడ్డను కూడా కలంకారీ అనే అమ్ముతున్నారు. కొనేముందు గీతను దగ్గరగా చూడాలి. చేత్తో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఒక బొమ్మలా మరొకటి ఉండదు. ఇంటికి తెచ్చాక నేరుగా ఎండ తగలని గోడ చూసి కడితే రంగు వెలవదు.

కమలాదేవికి 1966లో మెగసెసే బహుమతి, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1988 అక్టోబరు 29న కన్నుమూశారు. ఇరవయ్యేళ్ళకు, 2008లో, లక్ష్మయ్య కుమారుడు గురప్ప చెట్టికి పద్మశ్రీ లభించింది.