ఉద్దానం రిపోర్టుల్లో క్రియాటినిన్.. దాని మూలం తేల్చిన భీమవరం కుర్రాడు ఎల్లాప్రగడ కథ

పలాస, టెక్కలి, సోంపేట, కవిటి.. ఉద్దానం వైపు ఏ ఊరెళ్లినా చదువురాని అవ్వ కూడా తడుముకోకుండా పలికే ఇంగ్లిష్ మాట ఒకటుంది. అదే క్రియాటినిన్. రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ వెతికేది ఆ ఒక్క అంకె కోసమే. పెరిగిందంటే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఇంతకీ ఈ క్రియాటినిన్ ఒంట్లోకి ఎక్కడి నుంచి వస్తుంది? మన కండరాల్లో ఉండే క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాలు రోజూ కొంచెం కొంచెంగా విరుగుతుంటాయి. ఆ విరుగుడే క్రియాటినిన్. కిడ్నీలు బాగుంటే మూత్రంలో పోతుంది. లేదంటే రక్తంలో పేరుకుపోతుంది. ఆ ఫాస్ఫోక్రియాటిన్ ఏమిటో 1927లో తేల్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువాడే. డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకు కటకట. 13 ఏళ్ల వయసులో కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామనుకున్నాడు ఈ కుర్రాడు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్ మూడోసారి రాస్తే గానీ గట్టెక్కలేదు. తండ్రి పోయాక నగలు అమ్మి మరీ చదివించింది వెంకమ్మ. ఆ తల్లి పట్టు వదిలేసి ఉంటే ఈ కథే లేదు.

మద్రాస్ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. అవి గాంధీజీ స్వదేశీ పిలుపు రోజులు. సర్జరీ క్లాసుకి ఖద్దరు కోటు వేసుకెళ్లాడు. ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. దాంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం దారి మూసుకుపోయింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పాడు.

అప్పటికే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో చనిపోయారు. ఒంట్లో రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమైపోయే జబ్బు అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1922లో అమెరికా బయల్దేరాడు. మామగారు కొంత, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేశాయి. అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. మూడేళ్లలో వస్తానని వెళ్లిన భర్తను శేషగిరి మళ్లీ చూడలేదు. ఎల్లాప్రగడ గొప్పతనం చెప్పేటప్పుడు ఈ ముక్క చాలామంది దాటేస్తారు. దాటేయడం న్యాయం కాదు.

హార్వర్డ్‌లో చదువు, రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పని. అదీ ఆయన మొదటి రోజులు. తర్వాత సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర చేరాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతి రాశారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే ఇవాళ్టికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులకు తెలుసు. డయాలసిస్ చేయించుకునేవాళ్ల రిపోర్టులో క్రియాటినిన్‌తో పాటు ఫాస్ఫరస్ అని ఒక లైన్ ఉంటుంది, చూడండి.

ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. కండరానికి శక్తి లాక్టిక్ యాసిడ్ నుంచి వస్తుందని అప్పటికి ప్రపంచం నమ్మేది, ఆ పరిశోధనకి 1922 నోబెల్ కూడా వెళ్లింది. ఆ లెక్క తారుమారైంది. 1929లో ఏటీపీ. జర్మనీలో లోమన్ అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. అయినా హార్వర్డ్ పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. అదే ల్యాబ్‌లో పనిచేసి 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు పని కొంత ఫిస్కే అసూయ వల్లే వెలుగులోకి రాలేదని తర్వాత చెప్పారు.

1940లో న్యూయార్క్ దగ్గరున్న లెడర్లీ కంపెనీకి మారారు. 1942కి అక్కడ పరిశోధన విభాగం డైరెక్టర్. అసలు సుబ్బారావు కనిపించేది ఇక్కడే. పదుల మంది కుర్ర కెమిస్టులకి దారి చూపించి, పేరు వాళ్లకే వదిలేసేవారు. 1945లో ఫోలిక్ యాసిడ్ తయారీ ప్రకటించినప్పుడు పేపర్ మీద మొదటి పేరు ఆంజియర్‌ది. సుబ్బారావుది చాలా పేర్లలో ఒకటి. అమినోప్టెరిన్ రసాయనం పేపర్ మీద ముందున్న పేరు డోరిస్ సీగర్ అనే మహిళా కెమిస్ట్‌ది. ఫోలిక్ యాసిడ్ స్ప్రూ రోగులకు పనిచేసింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు వాళ్ల జబ్బుకి మందు దొరికింది.

ఇక క్యాన్సర్ సంగతి. లుకేమియా ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు ఇంకా ముదురుతోందని బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కి అనుమానం వచ్చింది. అయితే దానికి విరుద్ధంగా పనిచేసేది ఇస్తే? సుబ్బారావు టీం పంపిన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొద్ది నెలలే, కానీ అంతకుముందు అదీ లేదు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. దాని తమ్ముడు మందు మెథోట్రెక్సేట్. కణం పెరగాలంటే కావాల్సిన ఒక ప్రోటీన్‌కి, డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌కి, ఇది అడ్డం పడుతుంది. 1951లో నల్లజాతి మహిళా డాక్టర్ జేన్ రైట్ దీన్ని రొమ్ము క్యాన్సర్ గడ్డల మీద పనిచేస్తుందని చూపించారు. 1956లో గర్భసంచిలో వచ్చే కోరియోకార్సినోమాని ఇదే మందు నయం చేసింది.

బోదకాలు మందు డీఈసీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపించిన ల్యాబ్‌లోవే. శ్రీకాకుళం తీరంలో ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్రలు ఎందరికో గుర్తుంటాయి.

ఇవేవీ ఆయన పూర్తిగా చూడలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగిపోయింది. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, నోబెల్ రాలేదు. 1995లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

ఉద్దానం వాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. మెథోట్రెక్సేట్‌ని ఇప్పుడు కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు. ఆ జబ్బుకి వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ కాదు. ఒంట్లోంచి బయటికి పోయేది ముఖ్యంగా కిడ్నీల ద్వారానే. కాబట్టి క్రియాటినిన్ పెరిగినవాళ్లకి ఇది ప్రమాదం. కీళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కిడ్నీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి.