పాట నుండి పుట్టిన బొమ్మ: జన్‌గఢ్ సింగ్ శ్యామ్

భిలాయి ప్రాంతంలో నివసించే తెలుగువారికి పండవాని కొత్త కాదు. తంబూరా పట్టుకొని భీముని కథ పాడే కళాకారులు శ్రోతల ముఖాలు చూస్తూ కథను అప్పటికప్పుడు పెంచుతారు, తగ్గిస్తారు. గోండులలో ఇలా కథలు పాడటమే వృత్తిగా గలవారిని పర్ధానులు అంటారు. మన ఆదిలాబాదు ప్రాంతంలో కిక్రీ వాయిస్తూ రాజగోండుల కథలు పాడేవారు కూడా పర్ధానులే. ఆ పాటను బొమ్మగా మార్చిన చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్.

ఆయన 1960 ప్రాంతంలో మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గ్రామంలో పుట్టాడు. జనగణన జరిగే రోజుల్లో పుట్టినందువల్ల ఆ పేరు పెట్టారని చెబుతారు. పేదరికం వల్ల చదువు మధ్యలోనే ఆగిపోయింది. పశువులు కాశాడు, పాలు అమ్మాడు, కూలి పని చేశాడు.

పర్ధానుల వాద్యం బానా. దానికి మూడు తీగలు ఉంటాయి, కమానుతో వాయిస్తారు. కొన్నేళ్లకు ఒకసారి వారు తమ గోండు యజమానుల ఇళ్లకు వెళ్లి, బానా మోగించి, నల్లమద్ది చెట్టులో ఉండే బడాదేవుణ్ణి మేలుకొలిపి, వంశకథలు పాడేవారు. ప్రతిఫలంగా ధాన్యం, బట్టలు, పశువులు దొరికేవి. గోండులే పేదలైపోయాక గాయకులకు ఇచ్చేదెవరు? చాలా ఇళ్లలో బానా మూలపడింది. జన్‌గఢ్ పెరిగింది అలాంటి రోజుల్లోనే.

1982లో భోపాల్‌లో భారత్ భవన్ ప్రారంభమయింది. అక్కడి కళాసంగ్రహాలయం కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ అంతకుముందే యువకళాకారులను పల్లెలకు పంపాడు. పాటన్‌గఢ్‌లో ఒక గోడ మీది బొమ్మ వారిని ఆకర్షించింది. దాన్ని వేసిన జన్‌గఢ్‌ను భోపాల్‌కు రప్పించారు. మెరిసే రంగులను మొదటిసారి తాకినప్పుడు తన ఒళ్లు జలదరించిందని ఆయన తరువాత చెప్పుకున్నాడు.

గోండు చిత్రకళ తరతరాలుగా ఇలాగే ఉందని కొందరు అనుకుంటారు. అది సరికాదు. ఊళ్లో గోడల మీద, నేల మీద ముగ్గులు, మట్టితో చేసిన అలంకారాలు ఉండేవి. దేవతలు మాత్రం ఎక్కువగా పాటల్లోనే ఉండేవారు. పాటలో విన్న దేవతకు ముఖం ఎలా ఉండాలో, కొమ్ములు ఎటు తిరగాలో జన్‌గఢే ఊహించుకోవలసి వచ్చింది. గాయకుడు కథను పెంచినట్లే ఆయన గీతను పెంచాడు: జింక కొమ్ములు చెట్టు కొమ్మలయ్యాయి. బొమ్మ లోపల వరుసలు వరుసలుగా చుక్కలు నింపాడు. అవి పచ్చబొట్టు చుక్కలను పోలి ఉంటాయి. బానా స్వరాలే అలా చుక్కలయ్యాయని చెప్పే విమర్శకులూ ఉన్నారు. ఆ మాటలో నిజం ఉందనిపిస్తుంది.

1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనకు శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. 1989లో పారిస్‌లోని పెద్ద ప్రదర్శనలో ఆయన చిత్రాలు ఉంచారు. భోపాల్ శాసనసభా భవనం గోడలపై కూడా బొమ్మలు వేశాడు. పేరు వచ్చాక ఒంటరిగా ఉండలేదు. ఊరి నుండి బంధువులను పిలిపించి, ఇంట్లో ఉంచుకొని, కుంచె పట్టించాడు.

2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో బొమ్మలు వేయడానికి వెళ్లి, అక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు సుమారు నలభై ఏళ్లు. భార్య నన్‌కుసియా శ్యామ్ కూడా చిత్రకారిణే. ఆయన చేరదీసిన బంధువు భజ్జూ శ్యామ్‌కు 2018లో పద్మశ్రీ లభించింది. వారందరి శైలికి ఇప్పుడు జన్‌గఢ్ కలమ్ అనే పేరు ఉంది.