పదవి విడిచినను పని విడువని మహిళ

పదవి యున్నంతకాలము ప్రజాసేవ చేయువారు పెక్కండ్రు గలరు. పదవి విడిచిన పిమ్మట సైతము తలపెట్టిన కార్యమును సాగించువారు అరుదు. అట్టి యరుదైనవారిలో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారొకరు. మన యాంధ్రజిల్లాలు చెన్నరాజధానిలో చేరియున్న దినములలో వారు చేయించిన శాసనములు మన గ్రామములకును వర్తించినవి. కావున వారి చరిత్రమును పాఠకులకు జ్ఞప్తికి దెచ్చుట మా విధియని తలంచుచున్నాము.

వారు 1886 జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించిరి. తండ్రి నారాయణస్వామి అయ్యరుగారు కళాశాలాధ్యక్షులు. తల్లి చంద్రమ్మాళ్‌గారు దేవదాసీ సంప్రదాయముగల కులమున బుట్టినవారు. ముత్తులక్ష్మిగారు బాలుర కళాశాలలో తానొక్కతెయే బాలికగా చదివి, 1912లో చెన్నపురి వైద్యకళాశాలయందు పట్టము నొందిరి. 1926లో చెన్నరాజధాని శాసనసభకు నియమింపబడి, మరుసటి యేడు ఏకగ్రీవముగా ఉపాధ్యక్షురాలైరి.

దేవదాసికి మాన్యభూమి దక్కవలెనన్న ఆలయ కైంకర్యము సాగవలసియుండెను. కైంకర్యము మానినచో భూమి పోవును. కావున భూమికొఱకై బాలికలను గుడికి సమర్పించుట తరతరములుగా నడచుచుండెను. భూస్వాములగు మన పాఠకులకు ఈ చిక్కును విప్పి చెప్పనక్కరలేదు. నీతిబోధలకు తెగని యీ ముడిని ముత్తులక్ష్మిగారు భూమిహక్కు మూలముననే విప్పించిరి. 1929 నాటి శాసనము మాన్యమును కైంకర్యమునుండి వేరుచేసి, భూమిని ఆ స్త్రీలకే నిలిపెను. సత్యమూర్తిగారివంటి దేశభక్తులు సైతము ఈ సంస్కరణమునకు అడ్డు నిలిచిరి. దేశమునకు స్వేచ్ఛ గోరినవారు స్త్రీల స్వేచ్ఛకు జంకుట మాకు విచారకరముగ దోచుచున్నది. సమర్పణమును నిషేధించు శాసనము 1947లోగాని రాలేదు.

1930లో గాంధీమహాత్ముని నిర్బంధమునకు నిరసనగా వారు సభ్యత్వమును త్యజించిరి. శాసనము సంకెల ద్రెంచునుగాని తలదాచుకొన చోటు చూపదు. ఈ సత్యము నెఱిగి, ఆశ్రయము గోరివచ్చిన బాలికలకై అవ్వై హోమును నెలకొల్పిరి.

అంతకుమున్నే, 1923లో, వారి చెల్లెలు రాచపుండనబడు క్యాన్సరు వ్యాధిచే మృతినొందెను. వైద్యురాలైన అక్క నిస్సహాయురాలై చూడవలసివచ్చెను. ఆ వ్యాధి సోకిన మరణమే శరణ్యమని లోకులు నమ్ముచున్న కాలమది. వారు మాత్రము ముప్పదియేండ్లు ఆ దుఃఖమును సంకల్పముగా మార్చుకొని, మహిళాసంఘముద్వారా చందాలు ప్రోగుచేసిరి. 1952లో జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1954 జూన్ 18వ తేదీన, 12 పడకలతో, అడయారు క్యాన్సరు వైద్యాలయము వెలసెను. కుమారులు డాక్టరు కృష్ణమూర్తిగారును, పిదప డాక్టరు శాంతగారును దానిని పెంచి పెద్దచేసిరి. పేదలకు చికిత్స అందవలెననుట తొలినుండియు దాని వ్రతము.

1956లో పద్మభూషణ బిరుదము నొందిన ఈ మహిళ 1968 జూలై 22వ తేదీన పరమపదించిరి. శాసనసభలో వారు కూర్చున్నది నాలుగేండ్లకు మించదు. వారి వైద్యాలయము నేటికిని రోగులను ఆదుకొనుచున్నది. మన పట్టణములలో ఆసుపత్రుల పాలకవర్గమున స్థానము గోరువారికి కొదువలేదు. పడకలెన్ని, వానిలో పేదలకెన్ని యని అడుగువారే కావలసియున్నారు. ఆ ప్రశ్న వేయువారే ముత్తులక్ష్మిగారిని నిజముగా స్మరించినవారని మా విశ్వాసము.