టామ్ సింప్సన్

టామ్ సింప్సన్ (నవంబరు 30, 1937 - జూలై 13, 1967) ఇంగ్లాండుకు చెందిన ప్రసిద్ధ సైకిలు పందెపు క్రీడాకారుడు. పూర్తి పేరు థామస్ సింప్సన్. టూర్ డి ఫ్రాన్స్ పందెంలో ఆధిక్యానికి చిహ్నమైన పసుపు జెర్సీని ధరించిన తొలి బ్రిటిష్ క్రీడాకారుడు ఇతడే. 1965లో వృత్తి క్రీడాకారుల రోడ్డు పందెంలో ప్రపంచ విజేత అయిన తొలి బ్రిటిష్ దేశస్థుడు కూడా ఇతడే. ట్రాకు మీద, స్వదేశపు రోడ్ల మీద పందేలు నేర్చుకొని, ఆ తరువాత పరాయి దేశాల పర్వత మార్గాలలో పేరు గడించాడు. ఫ్రాన్సులోని మాన్ వాంటూ పర్వతాన్ని ఎక్కుతూ, పందెం మధ్యలోనే 29 ఏళ్ళ వయసులో మరణించాడు.

బాల్యం, తొలి పందేలు

సింప్సన్ ఇంగ్లాండు ఈశాన్య భాగంలోని డరమ్ కౌంటీలో హాస్వెల్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి బొగ్గు గని కార్మికుడు. ఆరుగురు పిల్లలలో ఇతడే చివరివాడు. 1950లో కుటుంబం నాటింగ్‌హామ్‌షైర్‌లోని హార్వర్త్‌కు తరలివచ్చింది. అదీ బొగ్గు గనుల ఊరే. బాలుడిగా సైకిలు మీద ఇంటింటికీ కిరాణా సరుకులు చేరవేసేవాడు. కొద్ది కాలానికే ఊరిలోని సైకిలు క్లబ్బులో చేరాడు. బక్కపలచగా ఉండే ఇతడిని తోటివారు ఇటలీకి చెందిన మేటి క్రీడాకారుడు ఫౌస్టో కాపీ పేరు పెట్టి ఆటపట్టించేవారు. తరువాత రెట్‌ఫర్డ్‌లోని ఒక ఇంజనీరింగు సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్ శిక్షణకు చేరి, రోజూ రానూపోనూ ముప్పై కిలోమీటర్లకు పైగా సైకిలు మీదనే ప్రయాణించేవాడు.

ఆ కాలపు బ్రిటనులో రోడ్డు పందేల తీరు ఐరోపాకు భిన్నంగా ఉండేది. అందరూ ఒకేసారి బయలుదేరే పందేలను పాత సైకిలు సంఘం చాలా కాలం ప్రోత్సహించలేదు. క్రీడాకారులు తెల్లవారుజామున, వీలైనంత సమతలమైన రోడ్ల మీద, ఒకరి తరువాత ఒకరు ఒంటరిగా బయలుదేరి ఎంత సమయంలో దూరం పూర్తిచేశారో లెక్క చూసుకొనేవారు. సింప్సన్ ఇటువంటి పందేలతో పాటు కొండ ఎక్కే పందేలలోనూ పాల్గొన్నాడు. అయితే ఇంగ్లాండు కొండలు నిటారుగా ఉన్నా పొట్టివి, కొన్ని నిమిషాలలో ముగిసిపోయేవి.

ట్రాకు పందేలలో ఇతడు త్వరగా పైకి వచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో జట్టు పర్స్యూట్ పోటీలో బ్రిటన్ జట్టుతో కలిసి కాంస్య పతకం సాధించాడు. 1958లో కార్డిఫ్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో వ్యక్తిగత పర్స్యూట్‌లో సెకనులో నూరవ వంతు తేడాతో స్వర్ణాన్ని పోగొట్టుకొని రజతంతో సరిపెట్టుకున్నాడు.

ఐరోపా ప్రయాణం

వృత్తి క్రీడాకారుడిగా బతకాలంటే బ్రిటనులో అవకాశం తక్కువ. అందుచేత 1959 ఏప్రిల్‌లో వంద పౌండ్ల పొదుపు సొమ్ము, రెండు సైకిళ్ళు తీసుకొని ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతంలో ఉన్న సాన్ బ్రియో పట్టణానికి వెళ్ళాడు. భాష సరిగా రాదు. అయినా మూడు నెలలు తిరగకుండానే ఒక ఫ్రెంచి వృత్తి జట్టులో స్థానం దొరికింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని జాండ్‌ఫోర్ట్‌లో జరిగిన ప్రపంచ పందెంలో నాలుగవ స్థానం పొందాడు. 1961లో వివాహమైన తరువాత బెల్జియంలోని ఘెంట్ నగరంలో స్థిరపడ్డాడు.

కొండదారులతో పరిచయం

సమతలమైన రోడ్డుకూ పర్వత మార్గానికీ గల తేడాను కొంచెం వివరించవలసి ఉంది. హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు నుంచి మదీనా కూడలి, నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్ దాకా సైకిలు తొక్కేవారికి దారి దాదాపు సమంగానే ఉంటుంది. కాస్త ఎత్తు వస్తే సీటు మీద నుంచి లేచి నాలుగు తొక్కులు గట్టిగా వేస్తే చాలు. చదునైన రోడ్డు మీద వేగంగా వెళ్ళేవారికి ప్రధాన శత్రువు గాలి. అక్కడ ముందువాడి వెనుక నక్కి వెళితే శ్రమ బాగా తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మనిషి, సైకిలు కలిసిన బరువును భూమ్యాకర్షణకు ఎదురుగా మోయాలి. వేగం తగ్గుతుంది కాబట్టి ఇతరుల వెనుక దాగడం వల్ల కలిగే లాభమూ తగ్గుతుంది. ఇది గంటకు పైగా సాగుతుంది. పైగా ఎక్కిన ప్రతి కనుమకూ అవతల వంపులు తిరిగిన దిగుడు దారి ఉంటుంది. అక్కడ కావలసింది బలం కాదు, నేర్పు.

సింప్సన్ ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకున్నాడు. 1960లో తొలిసారి టూర్ డి ఫ్రాన్స్‌లో పాల్గొన్నప్పుడు మొదటి రోజులలో ముందువరుసలో ఉన్నాడు. పిరెనీస్ పర్వతాలలో ఓబిస్క్ కనుమ దిగుతూ పడిపోయాడు. ఆ తరువాత అలసట నుంచి కోలుకోలేదు. పందెం ముగిసేసరికి బాగా చిక్కిపోయి 29వ స్థానంలో నిలిచాడు.

రెండేళ్ళ తరువాత అవే పర్వతాలు అతనికి కీర్తి తెచ్చాయి. 1962 టూర్‌లో పో నుంచి సాన్ గోదాన్స్ వరకు సాగిన 12వ దశలో తూర్మాలే, ఆస్పాన్, పేర్‌సూర్ద్ కనుమలను ముందు గుంపుతో కలిసి దాటి పసుపు జెర్సీ అందుకున్నాడు. అది ఒక్కరోజు ముచ్చటే అయింది. మరునాడు సూపర్‌బాన్యేర్ కొండకు ఒంటరిగా ఎక్కవలసిన పందెంలో వెనుకబడి దానిని కోల్పోయాడు. అయినా చివరికి ఆరవ స్థానం దక్కింది. టూర్‌లో అతడు సాధించిన అత్యుత్తమ స్థానం ఇదే.

ప్రధాన విజయాలు

నిజానికి సింప్సన్ బలం వారాల తరబడి సాగే పందేలలో కన్నా ఒక్కరోజు పందేలలోనే ఎక్కువగా కనబడింది. 1961లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, 1963లో బోర్డో-పారిస్, 1964లో మిలాన్-సాన్ రేమో పందేలు గెలిచాడు. 1965 సెప్టెంబరులో స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్ వద్ద జరిగిన ప్రపంచ పందెంలో జర్మనీకి చెందిన రూడీ ఆల్టిగ్‌ను చివరి పరుగులో ఓడించాడు. కొద్ది వారాలలోనే ఇటలీలో లొంబార్డీ పందెం కూడా గెలిచాడు. ఆ సంవత్సరం బి.బి.సి. ఉత్తమ క్రీడాకారుడి పురస్కారం ఇతడికి లభించింది. సైకిలు క్రీడకు ఆ పురస్కారం దక్కడం అదే మొదలు. మళ్ళీ 2008లో గాని మరో సైకిలు క్రీడాకారుడికి రాలేదు.

1966 ఆరంభంలో మంచు మీద స్కీయింగు చేస్తూ కాలు విరగగొట్టుకున్నాడు. ఆ ఏడాది టూర్‌లో గాలిబియే కనుమ దిగుతూ మోటారు సైకిలు తగిలి గాయపడి విరమించుకున్నాడు. 1967 మార్చిలో పారిస్-నీస్ పందెం గెలిచి తిరిగి నిలదొక్కుకున్నాడు.

మాన్ వాంటూ

1967 టూర్‌లో జట్లు దేశాల వారీగా పాల్గొన్నాయి. బ్రిటిష్ జట్టుకు సింప్సన్ నాయకుడు. వయసు ముప్పైకి చేరువవుతోంది. భార్య, ఇద్దరు చిన్న కుమార్తెలు. సైకిలు వృత్తిలో సంపాదించే కాలం స్వల్పం, కాబట్టి ఈ టూర్‌లో మంచి స్థానం అతనికి ఎంతో అవసరం. ఆల్ప్స్ పర్వతాలలో కడుపునొప్పి, విరేచనాలతో బాధపడి కూడా విరమించకపోవడానికి ఇదొక కారణమని భావించవచ్చు.

జూలై 13న మార్సేల్ నుంచి కార్పాంత్రా వరకు 13వ దశ. దూరం 211 కిలోమీటర్లు. మధ్యలో మాన్ వాంటూ. సుమారు 1,910 మీటర్ల ఎత్తు గల ఈ పర్వతం ఆంధ్ర ప్రదేశ్‌లోని ఏ శిఖరం కన్నా ఎత్తైనది. బెద్వాన్ గ్రామం నుంచి 21 కిలోమీటర్ల దారిలో సుమారు 1,600 మీటర్లు పైకి ఎక్కాలి. ఇది హైదరాబాదు సముద్రమట్టానికి ఉన్న ఎత్తుకు దాదాపు మూడు రెట్లు. కింది భాగంలో అడవి కొంత నీడనిస్తుంది. చివరి ఆరు కిలోమీటర్లలో చెట్టన్నది లేదు, తెల్లటి సున్నపురాళ్ళు మాత్రమే. ఆనాటి ఎండ 40 డిగ్రీలు దాటింది.

ఆ కాలపు నియమాల ప్రకారం ఒక్కో క్రీడాకారుడికి దశ మొత్తానికి నాలుగు సీసాల నీరే ఇచ్చేవారు. ఎక్కువ నీరు తాగితే బరువెక్కుతారన్న నమ్మకం కూడా ఉండేది. దారిలో సింప్సన్ కొంత బ్రాందీ తాగాడు. శిఖరానికి సుమారు కిలోమీటరున్నర దూరంలో తూలుతూ పడిపోయాడు. అతడి కోరిక మీద జట్టు సహాయకులు మళ్ళీ సైకిలు ఎక్కించారు. కొద్ది వందల మీటర్లు వెళ్ళి మళ్ళీ కూలిపోయాడు. టూర్ వైద్యుడు పియర్ డ్యూమా చికిత్స చేసి హెలికాప్టరులో అవిన్యాన్ ఆసుపత్రికి పంపినా ఫలితం లేకపోయింది. ఆ సాయంత్రమే మరణించినట్లు ప్రకటించారు.

అతడి జెర్సీ జేబులో యాంఫెటమిన్ మాత్రల గొట్టాలు దొరికాయి. శవపరీక్షలో శరీరంలో యాంఫెటమిన్, మద్యం ఉన్నట్లు తేలింది. ఈ మందు అలసటను తగ్గించదు, అలసట తెలియకుండా చేస్తుంది. ఆగమని శరీరం చేసే హెచ్చరిక మనసుకు చేరదు. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం లేక గాలి తగలదు, చెమట ఆరదు, ఒంట్లో వేడి పెరుగుతుంది. ఎండ, నీటి కొరత, కడుపు జబ్బు, మద్యం, మందు అన్నీ కలిసి గుండెను నిలిపివేశాయి. మందును మరుగుపరచి వీరమరణంగా వర్ణించడమూ, మిగిలినవన్నీ వదిలి మందు ఒక్కటే కారణమనడమూ రెండూ అసంపూర్ణమే.

తదనంతర పరిణామాలు

మరునాటి దశలో తోటివారు వేగం తగ్గించి, బ్రిటిష్ జట్టు సభ్యుడు బారీ హోబన్ ముందుగా గీత దాటేలా చేశారు. హార్వర్త్‌లో జరిగిన అంత్యక్రియలకు వేలాది మంది వచ్చారు. సింప్సన్ జట్టులోనే ఎదుగుతున్న బెల్జియం క్రీడాకారుడు ఎడ్డీ మెర్క్స్ వారిలో ఒకడు.

ఉత్తేజక మందులకు వ్యతిరేకంగా ఫ్రాన్సులో 1965లోనే చట్టం వచ్చింది, 1966 టూర్‌లో పరీక్షలూ జరిగాయి. కాని వాటిని క్రీడాకారులే నిరసించారు. సింప్సన్ మరణానంతరం 1968 టూర్ నుంచి ప్రతిరోజూ పరీక్షలు మొదలయ్యాయి. ఒలింపిక్సులోనూ ఈ పరీక్షలు 1968లోనే ఆరంభమయ్యాయి.

1968లో మాన్ వాంటూ మీద, శిఖరానికి సుమారు కిలోమీటరు దిగువన, అతడు కూలిన చోట స్మారక శిల నెలకొల్పారు. 1970 టూర్‌లో అటుగా ముందంజలో వెళుతూ మెర్క్స్ తన టోపీ తీసి గౌరవం చూపాడు. ఆ కొండ ఎక్కే సైకిలు యాత్రికులు ఆ శిల వద్ద ఆగి టోపీలు, నీళ్ళ సీసాలు ఉంచి వెళ్ళడం ఆనవాయితీగా మారింది. 2001లో హార్వర్త్‌లో అతడి జ్ఞాపకార్థం ఒక చిన్న ప్రదర్శనశాల ప్రారంభమైంది.