నైవేద్యమైన జీవితం

దేవునికి నివేదన చేసిన పదార్థం మరల మనది కాదు. పళ్లెం స్వామి ఎదుట ఉంచి, చుట్టూ నీరు త్రిప్పి, గంట మ్రోగించిన క్షణం నుండి అది ఆయన సొత్తు. ఇందులో సగం నీకు, సగం నాకు అని ముందుగానే లెక్క వేసుకొని పెట్టినది నైవేద్యం కాజాలదు. ప్రతిదినం ఇంట నైవేద్యం పెట్టే మీకు ఈ సంగతి నేను వేరుగా చెప్పనక్కరలేదు. అయితే ఒక మనిషి తన జీవితాన్నే ఈ విధంగా పళ్లెంలో పెడితే ఎలా ఉంటుందో తెలియాలంటే సోదరి నివేదిత చరిత్ర తెలుసుకోవాలి.

వానాకాలం రాగానే మా ఉట్నూరు ప్రాంతంలో జ్వరాలు మొదలవుతాయి. ఒళ్లు కాలిపోతున్న పసిబిడ్డలను చంకనెత్తుకొని గూడేల నుండి తల్లులు వస్తారు. వారిలో కొందరు ముందుగా గుడికే వస్తారు. తీర్థమిచ్చి, బిడ్డ నుదుట విభూతి దిద్ది, ఇక ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లమని పంపుతాను. అక్కడ పిల్లల వార్డులో ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకొనే నర్సమ్మను అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. ఆ పిలుపు వినబడినప్పుడల్లా, నూట పాతికేళ్ల క్రితం కలకత్తాలోని ఒక పూరిగుడిసెలో పసివాణ్ణి ఒడిలో పెట్టుకొని కూర్చున్న మరొక సోదరి నా మనసులో మెదులుతుంది.

మార్గరెట్ నివేదిత అయిన వేళ

ఆమె పూర్వనామం మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. 1867 అక్టోబరు 28న ఐర్లండులోని డంగానన్ అనే ఊరిలో జన్మించింది. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఆమెకు పదేళ్ల ప్రాయంలోనే ఆయన కన్నుమూశాడు. పదిహేడవ ఏటనే ఉపాధ్యాయినిగా చేరి, తరువాత లండను నగరంలో సొంతంగా పాఠశాల నడిపింది. 1895 నవంబరులో ఆ నగరంలోనే స్వామి వివేకానందుని వేదాంత ప్రసంగం విన్నది. విన్న ప్రతి మాటనూ తర్కించి, ప్రశ్నించి, చివరకు ఆయనను గురువుగా స్వీకరించింది.

1898 జనవరి 28న ఆమె కలకత్తాలో అడుగుపెట్టింది. మార్చి 17న శారదామాత దర్శనం లభించింది. ఆచారవంతమైన కుటుంబంలో పుట్టిన శారదామాత ఆ విదేశీ యువతిని కన్నబిడ్డ వలె ఆదరించి, ఆమెతో కలిసి ఆహారం స్వీకరించింది. ఆ కాలంలో అది ఎంత సాహసమో ఆచారం పాటించే ఇళ్లవారు ఊహించగలరు. మార్చి 25న వివేకానందుడు మార్గరెట్‌కు బ్రహ్మచర్య దీక్షనిచ్చి నివేదిత అని నామకరణం చేశారు. భగవంతునికి సమర్పింపబడినది అని ఆ పేరుకు అర్థం. అదే ఏడాది నవంబరు 13న, కాళీపూజ నాడు, బాగ్‌బజారులో ఆమె బాలికల కోసం తలపెట్టిన పాఠశాలను శారదామాత తన చేతుల మీదుగా ప్రారంభించింది.

చీపురు పట్టిన నాయకురాలు

ఆ పాఠశాల ఇంకా నిలదొక్కుకోకముందే మహమ్మారి వచ్చిపడింది. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు 1898 నాటికి కలకత్తాను తాకింది. మన తెలంగాణ పల్లెల్లో గత్తర వచ్చిందంటే ఊరికి ఊరే ఖాళీ అయ్యేదని, జనం పొలాల్లో గుడిసెలు వేసుకొని బ్రతికేవారని పెద్దల నోట మీరూ వినే ఉంటారు. కలకత్తాలోనూ జనం గుంపులు గుంపులుగా పారిపోయారు. ప్లేగు క్రిమిని శాస్త్రవేత్తలు 1894లోనే కనుగొన్నారు గాని, అది ఎలుకల మీది గోమార్ల వల్ల మనుషులకు సోకుతుందన్న సంగతి ఇంకా లోకం అంగీకరించలేదు. కనుక రోగి ఉన్న గుడిసెలో కాలు పెట్టడమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. తొలిసారి కలవరం రేగినప్పుడే వివేకానందుడు, ధనం చాలకపోతే మఠం కోసం కొన్న స్థలాన్నయినా అమ్మి రోగులకు సేవ చేద్దామన్నారు.

1899 వసంతంలో వ్యాధి మళ్లీ విజృంభించింది. మార్చి 31న రామకృష్ణ మిషన్ తరఫున సేవాకార్యం ఆరంభమైంది. దాని కార్యదర్శి నివేదిత. పారిశుద్ధ్య పనుల పర్యవేక్షణ వివేకానందుని శిష్యుడైన సదానందస్వామిది. మురికివాడల సందులలో పేరుకొన్న చెత్తను ఎత్తించడం, కాలువలను కడిగించడం, ఇళ్లకు సున్నం వేయించడం, పత్రికల ద్వారా విరాళాలు కోరడం, ఇవన్నీ ఆమె భుజాన పడ్డాయి.

ఒకనాడు వీధి ఊడ్చేవారు కరువయ్యారు. నివేదిత ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు, ఎవరినీ మందలించలేదు. తానే చీపురు పట్టి ఆ వీధిని ఊడ్వసాగింది. అరుగుల మీద నిలబడి చూస్తున్న యువకులు సిగ్గుపడి, దిగివచ్చి ఆమె చేతిలోని చీపురు అందుకొన్నారు. ఏప్రిల్ 22న క్లాసిక్ థియేటరులో, వివేకానందుని అధ్యక్షతన, ప్లేగు వేళ విద్యార్థుల కర్తవ్యం గురించి ఆమె ప్రసంగించగా సుమారు 15 మంది విద్యార్థులు సేవకు ముందుకు వచ్చారు. వారు ఇంటింటికీ వెళ్లి శుభ్రతను గురించి చెప్పేవారు. ఆదివారం నాడు అందరూ ఒకచోట చేరి ఆమె సలహాలు తీసుకొనేవారు. పదిమందితో సేవ చేయించదలచినవారు మొదట తాము వంగాలని ఆ వీధి మనకు నేర్పుతుంది.

ఒడిలో బిడ్డ

ఆ రోజుల్లో బాగ్‌బజారు వాడలో వైద్యం చేసిన డాక్టర్ రాధాగోవింద కర్ స్వయంగా చూసిన సంఘటన ఇది. నేటికీ కలకత్తాలో ఒక వైద్య కళాశాల ఆయన పేరుతోనే ఉన్నది. ఒక చైత్రమాసపు మధ్యాహ్నం ఆయన రోగులను చూసి ఇంటికి తిరిగి వచ్చేసరికి గుమ్మం వద్ద నివేదిత వేచి ఉన్నది. ఉదయం ఆయన చూసి వచ్చిన ఒక ప్లేగు రోగి గురించి అడగడానికి వచ్చింది. ఆ రోగి పసివాడు. పరిస్థితి విషమించిందని, అటు వెళ్లేటప్పుడు జాగ్రత్త అవసరమని డాక్టరు ఆమెను హెచ్చరించారు.

ఆ సాయంకాలం ఆయన మళ్లీ వెళ్లి చూసేసరికి, చెమ్మగిల్లిన ఆ శిథిల గుడిసెలో బిడ్డను ఒడిలో పెట్టుకొని నివేదిత కూర్చుని ఉన్నది. ఆ పగలు, ఆ రాత్రి, మరునాడు, ఆమె తన ఇల్లు మరచి అక్కడే ఉండిపోయింది. గుడిసెను శుద్ధి చేయవలసి వచ్చినప్పుడు చిన్న నిచ్చెన వేసుకొని గోడలకు తానే సున్నం కొట్టింది. బిడ్డ బ్రతకడని తేలిపోయిన తరువాత కూడా ఆమె సేవ ఇసుమంత సడలలేదు. రెండు రోజుల తరువాత ఆ పసివాడు ఆమె ఒడిలోనే శాశ్వతంగా నిద్రపోయాడు.

ఆ రోజుల్లో ఆమె ఆహారం పాలు, పండ్లు మాత్రమే. ఒక రోగికి మందులు కొనవలసి వచ్చి పాలు కూడా మానివేసింది.

మడి కట్టుకొని, గర్భాలయంలో స్వామిని తాకే అర్హత నాకున్నదని తలచే నేను, ఈ ఘట్టం వద్ద ఆగిపోతాను. ఆ గుడిసె గడప నేను దాటి ఉండేవాడినా? దాటేవాడినని ధైర్యంగా చెప్పలేను. సర్వభూతాలలో ఈశ్వరుడున్నాడని నిత్యం వల్లించే నోరు నాది. ఆ మాటను ఒడిలోకి తీసుకొన్నది ఆమె. బిడ్డ దక్కలేదు గదా, ఆ సేవకు ఫలమేమిటని ఎవరైనా అడగవచ్చు. చావు తప్పని ఆ బిడ్డకు ఏకాకితనం తప్పింది. అంతకన్నా వేరే ఫలం ఆమె కోరలేదు.

గోపాలుని తల్లి

శ్రీరామకృష్ణుల భక్తురాలు అఘోరమణీదేవి బాలకృష్ణుని తన బిడ్డగా భావించి తరించిన మహనీయురాలు. అందుకే ఆమెను గోపాలుని తల్లి అనేవారు. ఆ వృద్ధురాలు మంచం పట్టినప్పుడు 1903లో నివేదిత ఆమెను తన ఇంటికి తెచ్చుకొని, 1906 జులైలో గంగాతీరాన తుదిశ్వాస విడిచే వరకు సేవ చేసింది. గోపాలునికి తల్లి అయిన ఆమెకు నివేదిత బిడ్డ అయింది.

అదే సంవత్సరం తూర్పు బెంగాలును కరువు, వరదలు ముంచెత్తాయి. నివేదిత పడవలపై ఆ పల్లెలకు వెళ్లి బాధితుల నడుమ తిరిగింది. తిరిగి వచ్చాక తీవ్రమైన జ్వరం పట్టింది. అటు తరువాత ఆమె ఆరోగ్యం పూర్తిగా కుదుటపడలేదు. 1911 అక్టోబరు 13న డార్జిలింగులో, విజ్ఞాని జగదీశ్ చంద్ర బోసు దంపతుల సన్నిధిలో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు కూడా నిండలేదు. అంతకు కొద్ది రోజుల ముందే తనకున్నదంతా భారత స్త్రీల విద్య కోసం రాసి ఇచ్చింది. పళ్లెంలో ఆమె తన కోసం ఏమీ మిగుల్చుకోలేదు.

మీ ఇంటి బిడ్డకో, మనుమడికో జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, అర్ధరాత్రి లేచి వచ్చి నుదుటిపై చేయి వేసి చూసే సిస్టర్‌తో ఒక చల్లని మాట మాట్లాడండి. పక్క మంచంలో తోడెవరూ లేని బిడ్డ ఉంటే కాసేపు దగ్గర కూర్చోండి. ఆనాటి పూజలో లోపమేదైనా జరిగి ఉంటే, స్వామి దానిని అక్కడ పూరించుకొంటాడు.