సావిత్రీబాయి ఫూలే

సావిత్రీబాయి ఫూలే 1831లో మహారాష్ట్రలోని నాయ్‌గావ్‌లో పుట్టింది. చిన్నప్పుడే పెళ్లి చేసేశారు. అప్పటికి ఆమెకి ఒక్క అక్షరం రాదు. భర్త జ్యోతిరావు చదువు నేర్పించాడు. 1848లో ఇద్దరూ పుణెలో ఆడపిల్లలకి బడి పెట్టారు. ఆమె టీచరయ్యింది. దారిలో పేడ, మట్టి విసిరేవాళ్లు. ఇంకో చీర వెంట తీసుకుని పోయేది కానీ బడి మానలేదు. వాళ్ల బడిలో చదివిన ముక్తా అనే దళిత పిల్ల, మన ఈడుదే, 1855లో తనవాళ్ల కష్టాల మీద వ్యాసం రాసింది. పత్రికలో అచ్చయ్యింది. 1897లో ప్లేగు రోగులకి సేవ చేస్తూ సావిత్రీబాయి అదే జబ్బుతో చనిపోయింది.

మా అమ్మ వేలిముద్ర వేస్తుంది. నేను బడిలో చేరినప్పుడు తెలుగు రాక ఏడ్చాను, మొద్దు అన్నారు. ఇప్పుడు ఈ గోడకి రాస్తున్నాను. చిన్న తరగతుల చెల్లెళ్లకి తెలుగు రాదని నవ్వకండి. రేపు వాళ్లేం రాస్తారో మనకేం తెలుసు?

– 9వ తరగతి