కాటన్ దొర భక్తి కాలవై పారింది

మాది శారదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న రాంబిల్లి. ధవళేశ్వరం కాలవలు మా దాకా రావు. అయినా కాటన్ దొర గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. పాలించేవాడికి దైవభక్తి ఉంటే జనానికి ఒరిగేదేమిటి? ఎన్నికలొచ్చినప్పుడల్లా నాకీ సందేహం వస్తుంది. మీకూ వచ్చే ఉంటుంది!

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. 1821లో ఇంజనీరుగా మద్రాసు వచ్చాడు. మన విశాఖలోనూ కొన్నాళ్ళు పనిచేశాడు. నిష్ఠ గల క్రైస్తవుడు. ఆ రోజుల్లో పాలించే దొరల్లో చాలామంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే. అయినా 1832–33లో డొక్కల కరువొచ్చి ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షన్నరకు పైగా జనం చచ్చిపోయారని అంచనా. పిల్లలకు గుక్కెడు గంజి పొయ్యలేని తల్లుల గోస ఎలాంటిదో మనకు వేరే చెప్పాలా?

పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసిపోతోంది. నీళ్ళుండగా జనం ఆకలితో చావడం క్రైస్తవులమని చెప్పుకునే పాలకులకు సిగ్గుచేటని కాటన్ నమ్మాడు. ఆనకట్ట కట్టాలని సర్కారుకు నివేదికలు పంపాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో పూర్తయింది. ఆరోగ్యం చెడినా ఆయన పట్టు వదల్లేదు.

సర్కారు ఒప్పుకున్నది దయతోనే అనుకుంటే పొరపాటే. శిస్తు పెరుగుతుందన్న లెక్కా ఉంది. కాటనూ ఆంగ్లేయుల పాలన మంచిదనే నమ్మినవాడే. అది దాచిపెడితే కథ సగమే చెప్పినట్టు. కానీ రైళ్ళకు కుమ్మరించే డబ్బు కాలవలకు పెట్టండని సొంత సర్కారుతోనే తగువుపడ్డాడు. 1876–78 మహా కరువులో దక్షిణాదిన లక్షలాది మంది పోయారు. ఆ 1878లోనే, 75 ఏళ్ళ వయసులో, పార్లమెంటు సంఘం ముందు కూర్చుని తన వాదనకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అప్పుడూ మాట మార్చలేదు.

1899లో ఆయన కన్నుమూశాడు. మరుసటి ఏడాది కూతురు లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను పుస్తకంగా తెచ్చింది. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన ఈనాటి బ్యారేజికీ ఆయన పేరే. దాని కింద దాదాపు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని తలుచుకునే పురోహితులూ ఉన్నారట. చూశారా, అన్నం పెట్టిన చేతిది ఏ మతమని అక్కడెవరూ అడగలేదు!

పాలకుడి భక్తిని కొలవాలంటే నాకు తెలిసిన కొలత ఒకటే. అది పేదింటి పొయ్యి దాకా వచ్చిందా, లేదా? ఈసారి దేవుడి పేరు చెప్పుకుంటూ మన గుమ్మంలోకి వచ్చే నాయకుణ్ణి, ఏ మతంవాడైనా సరే, ముందు కుళాయి నీళ్ళ సంగతి అడుగుదాం. ఏమంటారు?